విల్నియస్ చుట్టూ పోలిష్ పార్టీ: ఊళ్లు శివార్లయ్యాక ఓట్లు ఎటు పోయాయి?

వేణు_విల్నియస్

అందరికీ నమస్కారం. లిథువేనియా రాజకీయాల గురించి మన వేదికలో ఎవరూ రాసినట్టు లేదు, అందుకే మొదలుపెడుతున్నాను.

2023 మార్చిలో ఇక్కడ మొదటిసారి ఓటు వేశాను. పౌరసత్వం లేకపోయినా శాశ్వత నివాస అనుమతి ఉంటే స్థానిక ఎన్నికల్లో ఓటు ఉంటుంది. ఐదేళ్లు ఉండి, ఏ2 స్థాయి లిథువేనియన్ భాషా పరీక్ష, రాజ్యాంగం పరీక్ష పాసై ఆ కార్డు తెచ్చుకున్నాను. నేను ఉండేది విల్నియస్ నగరంలో కాదు, విల్నియస్ జిల్లాలో. నగరం చుట్టూ కడియంలా ఉండే వేరే పురపాలక ప్రాంతం అది. దీన్ని ఏళ్ల తరబడి ఒకే పార్టీ ఏలింది: లిథువేనియా పోలుల ఎన్నికల కార్యాచరణ. 2016లో దాని పేరు వెనక 'క్రైస్తవ కుటుంబాల కూటమి' అని కూడా చేర్చారు. నేను ఓటు వేసిన ఏడాదే ఆ పార్టీ ఇక్కడ మేయర్ పదవి పోగొట్టుకుంది.

మా ఇంటి ఓనరమ్మకు డెబ్భై దాటాయి. పోలిష్ ఆవిడ. గేటుకున్న ఉత్తరాల పెట్టె మీద తన ఇంటిపేరు నల్ల రంగుతో, కుంచెతో, డబుల్యూ అక్షరంతో రాసుకుంది. పాస్‌పోర్టులో మాత్రం అదే పేరు వీ అక్షరంతో ఉంటుంది. లిథువేనియన్ అక్షరమాలలో డబుల్యూ లేదు మరి. ఏటా వాన పడి రంగు వెలిసిపోతే మళ్లీ దిద్దుతుంది. ఆ పార్టీ ఎందుకు పుట్టిందో నాకు ఆ పెట్టె చూశాకే అర్థమైంది. ఎందుకు తగ్గిందో అర్థం కావడానికి మాత్రం ఇంకా చాలా చదవాల్సి వచ్చింది. మీరేమంటారో వినాలని ఉంది.

పల్నాటి_పాఠకుడు

మంచి విషయం ఎత్తారు వేణు గారూ. మొదట్లోనే ఒక అభ్యంతరం. దీన్ని ప్రాంతీయ పార్టీ అనొచ్చా? పేరులోనే జాతి ఉంది. ప్రాంతీయ పార్టీ అంటే ఆ నేల మీద ఉన్న అందరి కోసం అడగాలి. ఒక జాతి కోసం అడిగేది అల్పసంఖ్యాకుల పార్టీ అవుతుంది. రెండూ ఒకటి కావు.

వేణు_విల్నియస్

పాఠకుడు గారూ, పేరు చూస్తే మీ మాట నిజమే. కానీ వాళ్ల ఓట్లన్నీ ఎక్కడున్నాయో చూడండి. విల్నియస్ నగరం, దాని చుట్టూ ఉన్న జిల్లా, దక్షిణాన బెలారూస్ సరిహద్దులో ఉన్న షల్చినింకాయ్, ఇంకా పక్కనే ఉన్న ఒకటి రెండు జిల్లాలు. అంతే. దేశం మొత్తంలో పోలిష్ వాళ్లు 2021 లెక్కల ప్రకారం ఆరున్నర శాతం. షల్చినింకాయ్‌లో మాత్రం నాలుగింట మూడు వంతులు వాళ్లే.

వాళ్లు అడిగేవి కూడా నేలకు అంటుకున్నవే. వీధి పేరు రెండు భాషల్లో ఉండాలి. బడి మూయొద్దు. తాతల భూమి తిరిగి ఇవ్వాలి. ఇందులో భూమి గొడవ పెద్దది. సోవియట్ కాలంలో పోయిన భూములు స్వాతంత్ర్యం వచ్చాక వారసులకు తిరిగి ఇవ్వడం మొదలుపెట్టారు. కానీ చట్టంలో ఒక వెసులుబాటు పెట్టారు: వేరే జిల్లాలో హక్కు ఉన్నవాళ్లు కూడా దాన్ని రాజధాని పక్కకు మార్చుకుని ఇక్కడ భూమి తీసుకోవచ్చు. రాజధాని పక్కన నేల అంటే ధర ఎంతో మీకు చెప్పక్కర్లేదు. బయటివాళ్లు వచ్చి మంచి భూములు రాయించుకున్నారు, ఊళ్లోవాళ్లు ఏళ్ల తరబడి వరసలో నిలబడ్డారు. ఓనరమ్మ వాళ్ల నాన్న పొలం ఎక్కడుండేదో నాకు వంటింటి కిటికీలోంచి చూపించింది. ఇప్పుడు అక్కడ వరసగా కొత్త ఇళ్లున్నాయి. భాష గురించి ఆవిడ నెమ్మదిగానే మాట్లాడుతుంది, ఆ పొలం మాట వస్తే మాత్రం గొంతు మారిపోతుంది.

శ్రీలక్ష్మి_కౌనస్

నేను కౌనస్‌లో ఏడేళ్లుగా ఉంటున్నాను. రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే లిథువేనియన్లకు అన్యాయం చేసినట్టవుతుంది.

1920 అక్టోబరులో పోలిష్ సేనాని జెలిగోవ్‌స్కి సైన్యంతో వచ్చి విల్నియస్ పట్టుకున్నాడు. 1922లో దాన్ని పోలండ్‌లో కలిపేసుకున్నారు. 1939 అక్టోబరులో సోవియట్లు తిరిగి ఇచ్చేదాకా, అంటే 19 ఏళ్లు, లిథువేనియాకు తన రాజధాని తన చేతిలో లేదు. కౌనస్‌ను తాత్కాలిక రాజధాని అన్నారు. ఆ రోజుల్లో విల్నియస్ విముక్తి సంఘం వాళ్లు 'విల్నియస్ పాస్‌పోర్టు' అని చిన్న పుస్తకాలు అచ్చువేసి ఇంటింటికీ ఇచ్చారు. చందా ఇచ్చినప్పుడల్లా అందులో ఒక బిళ్ల అంటించేవారు. మా సహోద్యోగి ఇంట్లో వాళ్ల నాయనమ్మది ఇప్పటికీ బీరువాలో భద్రంగా ఉంది. నేను చేత్తో పట్టుకుని చూశాను. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషికి విల్నియస్ పక్కన పోలిష్ బోర్డు కనిపిస్తే గుండె ఒక్కసారి ఉలిక్కిపడుతుంది.

ఇంకొకటి. 1990 మార్చి 11న స్వాతంత్ర్య ప్రకటన మీద ఓటు పెడితే 124 మంది సరేనన్నారు, ఆరుగురు తటస్థంగా ఉండిపోయారు. ఆ ఆరుగురూ పోలిష్ ప్రతినిధులే. అదే కాలంలో షల్చినింకాయ్, విల్నియస్ జిల్లా మండళ్లు పోలిష్ స్వయంపాలిత ప్రాంతం కావాలని తీర్మానాలు చేశాయి. 1991 ఆగస్టులో మాస్కోలో గోర్బచెవ్‌ను దించడానికి చేసిన కుట్ర విఫలమయ్యాక, సెప్టెంబరులో ప్రభుత్వం ఆ రెండు మండళ్లనూ రద్దు చేసి నేరుగా పాలించింది. పార్టీ పుట్టింది ఆ తర్వాతే అయినా ఆ అనుమానం దాని వెంటే వచ్చింది.

వేణు_విల్నియస్

శ్రీలక్ష్మి గారూ, ఇది చెప్పినందుకు చాలా థాంక్స్. నేను మొదటి పోస్టులోనే రాయాల్సింది. ఒక ముక్క మాత్రం కలుపుతాను. యుద్ధం ముగిసే సమయంలో, 1944 నుంచి 1947 దాకా, విల్నియస్‌లోని పోలిష్ వాళ్లను పెద్ద ఎత్తున పోలండ్‌కు పంపేశారు. చదువుకున్నవాళ్లు, నగరంలో ఉన్నవాళ్లు ఎక్కువమంది వెళ్లిపోయారు. మిగిలింది ఎక్కువగా చుట్టుపక్కల పల్లెల్లో రైతులు. ఈ పార్టీ వాళ్ల పిల్లలది. నగరం పోగొట్టుకున్న పల్లెల పార్టీ అనుకుంటే దాని తీరు చాలావరకు అర్థమవుతుంది.

గోదారి_గట్టు

ఎన్నికల లెక్కలు నాకు ఇష్టమైన పని కాబట్టి నా వంతు రాస్తున్నా. ఈ పార్టీ కథంతా నాకు ఒక గీత చుట్టూ తిరిగినట్టు కనిపిస్తుంది.

సెయ్‌మస్ అంటే అక్కడి పార్లమెంటు. 141 సీట్లు. 71 నియోజకవర్గాల నుంచి, 70 దేశవ్యాప్త జాబితా నుంచి. జాబితాలో వాటా రావాలంటే దేశం మొత్తం మీద ఇన్ని శాతం ఓట్లు రావాలని ఒక గీత ఉంటుంది. 1992లో అది మామూలు పార్టీలకు 4 శాతం, అల్పసంఖ్యాకులకు 2 శాతమే. అప్పుడు పోలిష్ సంఘం రెండు శాతం పైచిలుకుతో 4 సీట్లు తెచ్చుకుంది. ఆ తర్వాత సంఘాలు ఎన్నికల్లో నిలబడే వీలు పోయింది కాబట్టి 1994లో ఈ పార్టీ పెట్టారు. సరిగ్గా తర్వాతి ఎన్నికలకు, 1996లో, రాయితీ తీసేసి గీతను అందరికీ 5 శాతం చేశారు. ఆ ఏడాది 3 శాతం ఓట్లు, ఒకే సీటు.

2000లో 2 సీట్లు, 2004లో 2, 2008లో 3. 2012లో 5.8 శాతం వచ్చి గీత దాటారు, ఒక్కసారిగా 8 సీట్లు. 2016లోనూ 8. 2020లో కొద్దిలో గీత తప్పారు, 3 సీట్లు. 2024లో ఇంకా తగ్గి మళ్లీ 3.

ఇప్పుడు జాగ్రత్తగా చూడండి. నియోజకవర్గాల్లో సొంత బలం మీద వచ్చేవి ఆ మూడే. గీత దాటితే ఇంకో ఐదు కలుస్తాయి. దాటకపోతే లక్ష ఓట్లకు దగ్గరగా ఉన్నా జాబితాలో సున్నా. సెయ్‌మస్‌లో సొంత పక్షం కట్టాలంటే కనీసం ఏడుగురు కావాలి. ఎనిమిది ఉంటే పక్షం, కమిటీల్లో చోటు, మాట్లాడే సమయం. మూడు ఉంటే ఇంకొకరి పక్కన కూర్చోవాలి.

దేశంలో పోలిష్ వాళ్లే ఆరున్నర శాతం. అందులో అందరూ ఓటు వేయరు, వేసినవాళ్లంతా ఈ పార్టీకే వేయరు. మరి 5 దాటాలంటే ఎవరో బయటివాళ్లు కావాలి. రష్యన్ మాట్లాడేవాళ్ల పార్టీ అయిన రష్యన్ కూటమితో పొత్తు, 2016లో పేరు వెనక క్రైస్తవ కుటుంబాలు, ఇవన్నీ ఆ గీత కోసమే వచ్చాయని నా అభిప్రాయం. రెండు శాతం రాయితీ అలాగే ఉంచి ఉంటే ఈ పార్టీ షల్చినింకాయ్ బడుల గురించి, భూముల గురించి మాట్లాడుకుంటూ అలాగే ఉండేది.

పల్నాటి_పాఠకుడు

గట్టు అన్నా, లెక్క బాగుంది. ఒక్కటి సరిచేయాలి. 'లక్ష ఓట్లకు దగ్గరగా' అన్నది చాలా ఎక్కువ. 2020లో అరవై వేల లోపే వచ్చాయి.

ఇక అసలు విషయం. గీత వల్లే బయటివాళ్ల దగ్గరికి వెళ్లారంటే నేను సగమే ఒప్పుకుంటాను. పొత్తు పెట్టుకోవడం వేరు, 2014 మే 9న పార్టీ అధ్యక్షుడు తొమషెవ్‌స్కి రష్యా సైనిక విజయాలకు గుర్తైన సెయింట్ జార్జి రిబ్బను ఛాతీకి పెట్టుకుని కనిపించడం వేరు. అది క్రిమియాను రష్యా కలుపుకున్న రెండు నెలలకే. ఆ నారింజ, నలుపు రిబ్బను లిథువేనియాలో దేనికి గుర్తో ఆయనకు తెలియదా? ఏ గీతా ఆయన్ను ఆ రిబ్బను పెట్టుకోమనలేదు. ఆ నెలలోనే అధ్యక్ష ఎన్నికల్లో ఆయనకు 8 శాతం పైన ఓట్లు వచ్చాయి. ఓట్లొచ్చాయి కదా అని ఆ దారి సరైనదని అనుకున్నారు. ఆ దారికి ధర ఇప్పుడు కడుతున్నారు.

పైగా 1999 నుంచి ఆయనే అధ్యక్షుడు. 2009 నుంచి యూరోపియన్ పార్లమెంటు సభ్యుడు కూడా ఆయనే, 2024లోనూ గెలిచాడు. పాతికేళ్లు ఒకే మనిషి మాట పార్టీ మాట అయితే ఊరి యువతకు అందులో చోటెక్కడ?

గోదారి_గట్టు

ఓట్ల సంఖ్య మీరు చెప్పిందే సరి, తొందరలో రాశాను. సరిచేసినందుకు థాంక్స్ తమ్ముడూ. రిబ్బను విషయంలోనూ మీతో వాదించను.

హోసూరు_మధు

అన్నలూ, నేను చాలాకాలంగా చదివే వాడినే గానీ రాయడం ఇదే మొదటిసారి. బడి మాట వచ్చింది కాబట్టి రాస్తున్నా. 2011లో లిథువేనియా విద్యా చట్టం మార్చి, పోలిష్ బడి పిల్లలైనా లిథువేనియన్ బడి పిల్లలైనా స్కూల్ ఆఖరులో లిథువేనియన్ భాషకు ఒకే పరీక్ష రాయాలన్నారు. తల్లిదండ్రులు రోడ్లెక్కారు. అది చదివినప్పుడు నాకు మా ఊరే గుర్తొచ్చింది. 2006లో తమిళనాడు చట్టం వచ్చాక మా దగ్గర తెలుగు మీడియం పిల్లలకు తమిళం తప్పనిసరి అయింది. నేను ఆ మొదటి బ్యాచ్‌ల వాడినే. రాష్ట్ర భాష రాకపోతే ఉద్యోగం లేదన్నది నిజం. ఇంట్లో మాట్లాడే భాష బడిలో వెనక బెంచీకి పోయిందన్నదీ నిజం. మా అమ్మ రెండిటికీ బాధపడింది. అందుకే షల్చినింకాయ్ తల్లుల మాట నాకు వెంటనే అందింది.

శ్రీలక్ష్మి_కౌనస్

మధూ, స్వాగతం. మొదటి పోస్టే ఇంత మనసుకు తగిలేలా రాశావు. ఒక తేడా మాత్రం చెప్తాను. ఇక్కడ పోలిష్‌లో చదువు ఒకటో తరగతి నుంచి స్కూల్ ముగిసేదాకా ఉంది. పోలండ్ బయట ఇంత పూర్తిగా పోలిష్ బడులు నడిచే దేశం ఇదేనని లిథువేనియన్లు గర్వంగా చెప్తారు. గొడవంతా ఆ ఆఖరి పరీక్ష గురించి.

బోర్డుల విషయంలో మాత్రం ప్రభుత్వం మరీ కఠినంగా ఉంది. షల్చినింకాయ్‌లో రెండు భాషల వీధి బోర్డులు తీయించలేదని అక్కడి పాలనాధికారికి 40 వేల లితాలకు (యూరోకు ముందు ఇక్కడి డబ్బు) పైగా జరిమానా వేశారు. ఆ బోర్డుల్లో చాలావరకు ఎవరో ఒకరి ఇంటి గోడ మీద వాళ్లు సొంతంగా పెట్టుకున్నవే. నాకు అది ఇప్పటికీ మింగుడు పడదు.

రవళి_వార్సా

వార్సా నుంచి ఒక మాట. ఇక్కడివాళ్లకు విల్నియస్ అంటే పోగొట్టుకున్న అమ్మమ్మ ఊరు లాంటిది. నేను పోలిష్ స్నేహితులతో కలిసి విల్నియస్ వెళ్లినప్పుడు వాళ్లు నన్ను ముందు తీసుకెళ్లింది రాసోస్ శ్మశానానికి. అక్కడ ఒక నల్ల గ్రానైటు పలక. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య పోలండ్‌ను నడిపిన నాయకుడు పిల్సుద్‌స్కి గుండెను 1936లో వాళ్లమ్మ సమాధిలో పెట్టారు. పలక మీద ఆయన పేరే లేదు, 'తల్లి, కొడుకు గుండె' అని మాత్రమే. దాని మీద ఎరుపు తెలుపు రిబ్బన్లు, గాజు కుండీల్లో కొవ్వొత్తులు. ఒక ముసలాయన మోకాళ్ల మీద కూర్చుని పలక మీది ఆకులు చేత్తో తుడుస్తున్నాడు. అదే పిల్సుద్‌స్కి కౌనస్ వాళ్లకు రాజధాని లాక్కున్న మనిషి.

వార్సా ఈ పార్టీకి అండగా ఉంటూనే వచ్చింది. బడులకు డబ్బు వస్తుంది, 2007 చట్టం ప్రకారం పోలిష్ మూలాలున్నవాళ్లకు పోల్ కార్డు అనే గుర్తింపు కార్డు ఇస్తారు. యూరోపియన్ పార్లమెంటులో తొమషెవ్‌స్కి పోలండ్ లా అండ్ జస్టిస్ పార్టీ ఉన్న గుంపులోనే కూర్చున్నాడు. కానీ ఉక్రెయిన్ మీద రష్యా దాడి చేశాక వార్సా, విల్నియస్ ఇంతకుముందు ఎన్నడూ లేనంత దగ్గరయ్యాయి. ఆ రెండు రాజధానుల తగువు మీద నిలబడ్డ పార్టీకి కాలి కింద నేల కదిలింది.

శ్రీలక్ష్మి_కౌనస్

రవళి చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. దానికి తోడు ఇంకోటి జరిగింది. వేణు గారి ఓనరమ్మ డబుల్యూ సంగతి. దాని కోసం ఈ పార్టీ ఏళ్ల తరబడి కొట్లాడింది. 2012లో సోషల్ డెమొక్రాట్ల ప్రభుత్వంలో చేరింది కూడా. ఇంధన శాఖ మంత్రి వాళ్ల మనిషే. కానీ తమ ఉపమంత్రిని ప్రధాని తప్పించడంతో గొడవై 2014 ఆగస్టులో బయటికొచ్చేశారు. అక్షరం రాలేదు. 2019లో మళ్లీ ఇంకో ప్రభుత్వంలో రెండు మంత్రి పదవులు తీసుకున్నారు. అప్పుడూ రాలేదు.

చివరికి 2022 జనవరిలో సెయ్‌మస్ చట్టం చేసింది. క్యూ, డబుల్యూ, ఎక్స్ మూడు అక్షరాలకు అనుమతి. దాన్ని ముందుండి నడిపింది అప్పటి న్యాయశాఖ మంత్రి ఎవెలినా దొబ్రొవోల్‌స్కా. ఆవిడా పోలిష్ అమ్మాయే, కానీ ఈ పార్టీ కాదు, ఫ్రీడమ్ పార్టీ. చట్టం అమల్లోకి రాగానే తన ఇంటిపేరు కూడా డబుల్యూతో మార్చుకుంది. ముప్పై ఏళ్లు ఒక పార్టీ అడిగినదాన్ని వేరే పార్టీలోని పోలిష్ అమ్మాయి సాధించింది. నా దృష్టిలో ఆ పార్టీకి తగిలిన పెద్ద దెబ్బ 2020 ఓటమి కాదు, ఇదే.

పల్నాటి_పాఠకుడు

ఇది నాకు తెలియదు శ్రీలక్ష్మి గారూ. చాలా పెద్ద విషయం. ఎల్ మీద అడ్డగీత లాంటి గుర్తులకు మాత్రం అనుమతి రాలేదు కదా?

శ్రీలక్ష్మి_కౌనస్

అవును, రాలేదు. మూడు అక్షరాలే.

గోదారి_గట్టు

ఒక పోలిక. లిథువేనియాకు పడమరన జెమైతియా ఉంది, తెల్షయ్ దాని కేంద్రం. వాళ్ల మాట మామూలు లిథువేనియన్లకే సరిగా అర్థం కాదు. సొంత జెండా, ఎలుగుబంటి గుర్తు, సొంత భాషలో వికీపీడియా కూడా ఉంది. 2019ని జెమైతియా సంవత్సరంగా ఘనంగా జరుపుకున్నారు. వాళ్ల పేరుతోనూ ఒక పార్టీ వచ్చింది, కానీ జాబితా ఓట్లలో ఎప్పుడూ గీత దరిదాపులకు రాలేదు. ఎందుకంటే వాళ్లకు తగువు లేదు. ఇంటిపేరు తప్పు రాశారనో పొలం పోయిందనో ఎవరూ అనరు. పెద్ద పార్టీలన్నిటిలో వాళ్లవాళ్లున్నారు. యాస ఉన్నంత మాత్రాన పార్టీ నిలబడదు, ఏదో ఒకటి పోగొట్టుకున్న బాధ ఉండాలి. పాఠకుడు తమ్ముడి మొదటి ప్రశ్నకు నా జవాబు ఇదే.

వేణు_విల్నియస్

గట్టు గారూ, ఆ మాట దగ్గర నేను ఇంకాస్త ఆగాలనుకుంటున్నాను. మా జిల్లాలో బాధ తగ్గలేదు, మనుషులు మారారు.

2011లో ఈ జిల్లాలో పోలిష్ వాళ్లు సగానికి పైన. 2021లో సగానికి తక్కువ. వాళ్లు వెళ్లిపోలేదు, నగరం నుంచి జనం వచ్చి చేరారు. నాలాంటివాళ్లు, నగరంలో ఫ్లాటు కొనలేని లిథువేనియన్ జంటలు. మా వీధిలో పొద్దున్నే అందరి గొడవా ఒకటే: నర్సరీలో సీటు లేదు, విల్నియస్ వెళ్లే రోడ్డు మీద కార్ల బారు, కొత్త ఇళ్లకు మురుగు పైపు రాలేదు. 2023లో పోటీ చేసిన సోషల్ డెమొక్రాట్ రొబెర్త్ దుఖ్నెవిచ్ వీటి గురించే మాట్లాడాడు. ఆయనా పోలిష్ మనిషే. చాలా కొద్ది తేడాతో మేయర్ అయ్యాడు. ఆ పార్టీ ఇక్కడ బడులు బాగానే చూసుకుంది, అది ఒప్పుకోవాలి. కొత్తవాళ్లను మాత్రం ఊరివాళ్లుగా చూడలేదు. షల్చినింకాయ్‌కు నగరం ఇంకా చేరలేదు కాబట్టి అక్కడ మేయర్ పదవి నిలబెట్టుకుంది.

అలాగని పార్టీ అయిపోయిందని అనను. 2024లో వచ్చిన ముగ్గురూ రైతుల పార్టీతో కలిసి ఒక పక్షంగా కూర్చున్నారు. 2025లో ప్రభుత్వం మారినప్పుడు ఆ పక్షం అవసరం పడింది. సెప్టెంబరులో వచ్చిన కొత్త ప్రభుత్వంలో వాళ్ల రీతా తమషునియెనె న్యాయశాఖ మంత్రి అయింది. ఎనిమిది మంది ఉన్న 2012లో ఒక మంత్రి, ముగ్గురున్నప్పుడూ ఒక మంత్రి. 2010లో కాలం తీరిపోయిన అల్పసంఖ్యాకుల చట్టం స్థానంలో కొత్త చట్టం 2025 జనవరి నుంచి అమల్లో ఉంది. ఇంటిపేర్ల వ్యవహారం కూడా న్యాయశాఖదే. మిగిలిన అడ్డగీతలు, చుక్కలు ఈ మంత్రి తేగలుగుతుందేమో చూడాలి.

నిన్న సాయంత్రం ఓనరమ్మను అడిగాను, చట్టం వచ్చింది కదా, పాస్‌పోర్టులో డబుల్యూ రాయించుకోకూడదా అని. ఆవిడ మార్చిలో జరిగే కజ్యూకాస్ సంతకు ఎండు పూలతో వెర్బాలు కడుతోంది. కర్రకు పూలు చుట్టి దారం బిగిస్తూనే చెప్పింది: పాస్‌పోర్టు మారిస్తే ఇంటి కాగితాలు, పింఛను కాగితాలు, మా ఆయన సమాధి కాగితాలు అన్నీ మార్చాలి బాబూ, నా మనవరాలు రాయించుకుంది, చాలు.

ఓటు మాత్రం ఇప్పటికీ ఆ పార్టీకే అంది.

హోసూరు_మధు

వేణన్నా, మనవరాలి ఓటు ఎవరికి?

వేణు_విల్నియస్

అదీ అడిగాను మధూ. 2023లో దుఖ్నెవిచ్‌కు వేసిందట. ఇద్దరూ ఒకే కారులో పోలింగుకు వెళ్లొచ్చారు.

రవళి_వార్సా

వేణు గారూ, వచ్చే మార్చిలో సంతకు వస్తున్నాం నలుగురం. ఆవిడ బల్ల ఎక్కడ వేస్తుందో కనుక్కుని చెప్తారా? వెర్బాలు ఆవిడ దగ్గరే కొంటాం.

వేణు_విల్నియస్

తప్పకుండా. బల్ల చోటు సంత ముందు వారమే ఖరారవుతుందట, తెలియగానే ఇక్కడే రాస్తాను. ఉదయం తొమ్మిది లోపే రండి, మంచివి తొందరగా అయిపోతాయి.